ఉత్తరాంధ్ర సముద్రంలో పగడాలు నాటే ముందు వలలు తీయండి: సీఎస్‌ఆర్ కంపెనీలకు, డైవింగ్ బృందాలకు బహిరంగ లేఖ

సముద్ర పరిరక్షణ కోసం విశాఖ, అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం తీరాల్లో నిధులు ఖర్చు పెడుతున్న కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత నిధుల) బాధ్యులకు, ఆ పనికి మనుషుల్ని పంపుతున్న డైవింగ్ బృందాలకు, కృత్రిమ దిబ్బల బాధ్యత చూస్తున్న మత్స్యశాఖ అధికారులకు

నమస్కారం.

నిన్నమొన్నటి దాకా సముద్రానికి మేలు చేయడమంటే ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో ప్లాస్టిక్ సీసాలు ఏరి, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగడమే. ఇప్పుడు కొందరైనా నీటి కింద ఏముందని అడుగుతున్నారు, డబ్బు కూడా పెడుతున్నారు. సంతోషం. కానీ ఈ తీరం కోసం తయారవుతున్న ప్రతిపాదనల్లో తరచూ ఒకే మాట కనబడుతోంది: పగడపు దిబ్బల పునరుద్ధరణ. దాని గురించే ఈ ఉత్తరం. ఈ నీళ్లలో దిగి పనిచేసే కొందరు డైవర్లం, సముద్ర జీవశాస్త్రం చదివినవాళ్లం, బోటు నడిపేవాళ్లం కలిసి రాస్తున్నాం.

ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నవి పగడపు దిబ్బలు కావు, రాతి దిబ్బలు. తూర్పు కనుమల కొసలు సముద్రంలోకి దిగిన చోట్ల, అంటే యారాడ, రుషికొండ, మంగమారిపేట, అటు పూడిమడక వైపు నీటి అడుగున బండలు గుంపులుగా ఉంటాయి. వాటి మీద స్పాంజ్‌లు, విసనకర్రలా పెరిగే సీఫ్యాన్లు, ఆల్చిప్పలు, మెత్తని పగడాలు, అక్కడక్కడా అరచేయంతో చేటంతో గట్టి పగడాలు కనిపిస్తాయి. గ్రూపర్లు, స్నాపర్లు, లాబ్‌స్టర్లు ఆ బండల సందుల్లోనే కాపురం. పగడపు దిబ్బ సంగతి వేరు. ఒక తరం పగడాలు వదిలిన సున్నపు గూడు మీద ఇంకో తరం పెరుగుతూ, వేల ఏళ్లలో తన నేలను తనే కట్టుకుంటుంది. మన దగ్గర పగడం రాతి మీద అద్దెకుంటుంది తప్ప ఇల్లు కట్టదు.

కట్టకపోవడానికి కారణాలున్నాయి. పగడానికి వెలుతురు కావాలి, నీటిలో ఉప్పదనం పడిపోకూడదు, పైన మడ్డి పేరుకోకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. గంగా బ్రహ్మపుత్రలు, మహానది కలిపిన మంచినీళ్లను మన ఒడ్డు వెంబడి మోసుకొస్తుంది. దాంతో పైపొర చప్పబడుతుంది. ఫిబ్రవరికి ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది. మార్చి నుంచి మే మధ్య అడుగు నుంచి చల్లని నీరు పైకి ఉబికి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ విశాఖ తీరంలో దీన్ని అధ్యయనం చేశారు. పోషకాలు నిండిన ఆ నీటిలో ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) విపరీతంగా పెరిగి, నీరు పచ్చగా మసకబారుతుంది. అది కవళ్లకు పండగే గాని పగడానికి కాదు.

కాబట్టి ఇక్కడ ఎక్కడి నుంచో తెచ్చిన పగడపు ముక్కలను ఇనుప చట్రాలకు కట్టి దింపితే వచ్చేది దిబ్బ కాదు, ఆరు నెలల తర్వాత నాచు పట్టిన చట్రం. పైగా గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, సీఫ్యాన్లతో సహా 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. ముక్క విరవాలన్నా, ఒక చోటి నుంచి మరో చోటికి మార్చాలన్నా ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఉండాలి. అది లేకుండా వాలంటీరు చేతికి కత్తెర ఇచ్చిన కంపెనీ, మూడు నుంచి ఏడేళ్ల శిక్ష పడే నేరంలోకి అతన్ని నెడుతున్నట్టే.

పగడాల మీదే డబ్బు పెట్టాలనుకుంటే అవి నిజంగా ఉన్న చోట పెట్టండి. తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ 2002 నుంచి మన్నార్ సింధుశాఖలో స్థానిక జాతుల ముక్కలతో పునరుద్ధరణ చేస్తోంది. అండమాన్‌లో శ్రీ విజయపురం జంగ్లీఘాట్‌లో స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. అక్కడి దిబ్బల మీద పనికి వాళ్ల పడవలు, వాళ్ల తెలివి అక్కరకొస్తాయి. అయితే అక్కడా ఒక హెచ్చరిక. ఏడాదిలో అత్యంత వేడి నెల సగటు కన్నా నీరు ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం రంగు పోయి తెల్లబడుతుంది. అలా ఎనిమిది వారాలు గడిస్తే చావులు పెరుగుతాయి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024లో ఇదే జరిగింది. 2023 వేసవిలో ఫ్లోరిడాలో ఏళ్ల తరబడి నాటుకుంటూ వచ్చిన పగడాలు కొన్ని దిబ్బల మీద దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. నర్సరీల్లో ఉన్నవాటిని హడావిడిగా ఒడ్డు మీది తొట్లలోకి మార్చుకోవాల్సి వచ్చింది. ఎన్ని నాటారన్న లెక్క ఒక్కటే చెప్పే సంస్థకు చెక్కు రాయకండి. మూడో ఏట ఎన్ని బతికాయో అడగండి.

ఇక మన తీరానికి పనికొచ్చే సంగతి. మొదటిది వలలు.

రాతి దిబ్బలంటే చేపలు. చేపలున్న చోటికి వల వస్తుంది, వచ్చిన వల బండకు తగులుకుంటుంది. గాలి తిరిగినా, ఇంకో బోటు అడ్డం వచ్చినా కోసి వదిలేయక తప్పదు. బోటువాళ్లను తిట్టి లాభం లేదు, వల పోతే వాళ్లకూ వేలల్లో నష్టం. మిగిలిన వల ఏమవుతుందన్నది అది దేనితో చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. బోటు వెనక ఈడ్చే ట్రాల్ వలల్లో వాడే పాలిథిలిన్ తాడు నీటి కన్నా తేలిక, తెగిన ముక్కలు తేలుతూ ఎక్కడికో పోతాయి. చేప మొప్పలు చిక్కేలా నిలువుగా కట్టే గిల్‌నెట్ల సన్నని నైలాన్ సాంద్రత 1.14, సముద్రపు నీటిది 1.025. అందుకని నైలాన్ మునుగుతుంది. కింది తాడుకు సీసపు గుళ్లు, పై తాడుకు తేలే బెండ్లు ఉన్నంత కాలం ఆ వల బండ మీద గోడలా నిలబడి చేపలు పడుతూనే ఉంటుంది. పడ్డ చేప కుళ్లుతుంది. దాన్ని తినొచ్చిన పీతా పడుతుంది, పీత కోసం వచ్చిన చేపా పడుతుంది. నాచు, బార్నకిల్స్ (అంటుకుని పెరిగే చిన్న గుల్లలు) పట్టి బరువెక్కి కూలే దాకా ఇదే వరస. కూలాక స్పాంజ్‌ల మీద, పగడాల మీద దుప్పటిలా పరుచుకుని వెలుతురు రానివ్వదు, కెరటానికి అటూ ఇటూ ఊగుతూ వాటిని గీరుతుంది.

దీన్ని తీయడానికి వాలంటీర్లను పోగుచేసి పంపడమంటే ప్రమాదాన్ని చేతులారా కొనుక్కోవడమే. లెక్క చూడండి. 20 మీటర్ల లోతున పీడనం ఉపరితలం కన్నా మూడింతలు. వల కోస్తూ పనిచేసే మనిషి ఉపరితలం మీద నిమిషానికి 30 లీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే, అక్కడ ఖర్చయ్యేది 90. 200 బార్ (గాలి పీడనం కొలత) దాకా నింపిన 12 లీటర్ల సిలిండరులో 2,400 లీటర్లు ఉంటాయి. 50 బార్ మిగిల్చి పైకి రావాలి కాబట్టి చేతిలో ఉన్నది 1,800. అంటే 20 నిమిషాలు. అందులోనే దిగాలి, వల చుట్టూ ఒకసారి చూసుకోవాలి, పనిచేయాలి, బయల్దేరాలి. 30 మీటర్లకు వెళ్తే అదే సిలిండరు 15 నిమిషాలు. మనం చెప్పుకునే బండల్లో చాలా భాగం ఈ రెండు లోతుల మధ్యే ఉన్నాయి. ‘ఒక్క డైవ్‌లో 200 కిలోలు’ అని ఎవరైనా హామీ ఇస్తుంటే వాళ్లు ఈ లెక్క వేసి ఉండరు.

ఇద్దరిద్దరు జతలుగా దిగాలి. ఒకరు కోస్తారు, రెండోవారు చూస్తారు. ఆ చూసే మనిషి చేతులు ఖాళీగా ఉండాలి, కెమెరా కూడా ఉండకూడదు. కత్తి కన్నా నర్సులు వాడే మొద్దు మొన కత్తెర మేలు, బిగుసుకున్న నైలాన్‌ను కూడా చటుక్కున తెంచుతుంది. ఒక్కొక్కరి దగ్గర రెండేసి ఉండాలి, ఏ చేయి చిక్కుకుపోయినా మరో చేతికి ఒకటి అందేలా వేర్వేరు చోట్ల కట్టుకోవాలి. వేలాడే గొట్టాలు, గేజ్‌లు ఒంటికి బిగించుకోవాలి, లేకపోతే వల వాటినే ముందు పట్టుకుంటుంది. ప్రవాహం వచ్చే వైపు నిలబడాలి, విడిపించిన వల మనిషికి దూరంగా జరిగిపోయేలా. వల కిందికి మాత్రం ఎవరూ దూరకూడదు, ఎంత చిన్న సందైనా సరే.

అందరూ తప్పు చేసేది కోసే వరసలో. సీసం బరువని ముందు కింది తాడు తెంచేస్తారు. అంతే, బెండ్లు వలను ఒక్కసారిగా పైకి ఎత్తేస్తాయి. నిలువెత్తు తెర డైవరు ముఖం మీదికి లేస్తుంది. ముందు బెండ్లు కోసి వలను కూలేయాలి. తర్వాత మూడు నాలుగు మీటర్ల ముక్కలుగా కోసి, చాపలా చుట్టి, తాడుతో రెండు చోట్ల కట్టాలి. చివరికి సీసపు తాడు. పగడం, స్పాంజ్ వల కన్నుల్లోంచి పెరిగిపోయి ఉంటే లాగొద్దు. చుట్టూ కోసి ఆ భాగం అక్కడే వదిలేయాలి. మొత్తం తీయాలన్న పట్టుదలతో లాగితే, వల పదేళ్లలో చేయని నష్టం పది నిమిషాల్లో అవుతుంది.

పైకి తేవడంలో ఒక విచిత్రం ఉంది. పది కిలోల నైలాన్ నీటి కింద తూగేది ఒక్క కిలోనే. పది కిలోల సీసం మాత్రం తొమ్మిది కిలోల పైనే. కింద తేలిగ్గా ఉందని మూట పెద్దది కడతారు, అది ఉపరితలం దాటగానే నీళ్లు, మడ్డి, బార్నకిల్స్‌తో బోటులోకి ఎక్కనంత అవుతుంది. కాబట్టి నలుగురు చేత్తో ఎత్తగలిగినంతే కట్టాలి, లేదా బోటు మీద వించ్ ఉండాలి. పైకి పంపడానికి అడుగు తెరిచి ఉండి, పైన గాలి వదిలే వాల్వ్ ఉన్న లిఫ్ట్ బ్యాగులే (గాలి నింపితే బరువును పైకి తేల్చే సంచులు) వాడాలి. 50 లీటర్ల బ్యాగు 20 మీటర్ల దగ్గర నింపడానికి 150 లీటర్ల గాలి పడుతుంది. ఆ గాలి డైవరు పీల్చే సిలిండరులోంచి కాకుండా, దానికోసమే తెచ్చిన చిన్న సిలిండరులోంచి రావాలి. సగం నింపిన బ్యాగు కూడా 10 మీటర్లు లేచేసరికి ఒకటిన్నర రెట్లు ఉబ్బి దూసుకుపోతుంది. దాని తాడు ఎవరి మణికట్టుకూ చుట్టి ఉండకూడదు, ఎవరి తల మీదుగానూ వెళ్లకూడదు. తను తేలడానికి తొడుక్కున్న జాకెట్లోనే గాలి నింపి బరువు ఎత్తబోయే డైవరును ఆ రోజుకు బోటు మీదే కూర్చోబెట్టండి. బోటు మీద ఆక్సిజన్ తప్పనిసరి. నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఇస్తే, 150 బార్ దాకా నింపిన 10 లీటర్ల సిలిండరు వంద నిమిషాలు వస్తుంది. ఒడ్డుకు, అక్కడి నుంచి రీకంప్రెషన్ ఛాంబరుకు (లోతు నుంచి వచ్చి జబ్బుపడిన డైవరుకు పీడనం పెట్టి వైద్యం చేసే గదికి) ఎంతసేపు పడుతుందో కాగితం మీద రాసుకోండి. అది వంద నిమిషాలు దాటితే రెండో సిలిండరు కొనండి.

వలలు ఎక్కడున్నాయో, శబ్దంతో నీటి అడుగును చూసే సోనార్లకన్నా ముందు తెలిసింది ఊళ్లో పెద్దలకు. డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్, సింహాచలం కొండ, ఏదో గుడి గోపురం, వీటిలో ఏ రెంటిని ఒక వరసలో చూస్తే కింద ఏ బండ వస్తుందో, అక్కడ ఎన్ని బారల నీళ్లో వాళ్లు నోటితో చెప్తారు. వల పోయిన చోటే మంచి చేప దొరికే చోటు కూడా కాబట్టి ఆ గుర్తులు అందరికీ చెప్పరు. మీకు చెప్పారంటే నమ్మకంతో చెప్పినట్టు. వాటిని మీ వెబ్‌సైటు మ్యాపు మీద పెట్టారంటే మళ్లీ ఎవరూ చెప్పరు. బోటుకు, మనుషులకు రోజుకింత అని మాట్లాడుకుని డబ్బు కట్టండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. అప్పుడు బోట్లూ, మనుషులూ ఖాళీగానే ఉంటారు. కానీ మరపడవ కదలాలంటే మత్స్యశాఖ రాతపూర్వక అనుమతి, మెరైన్ పోలీసులకు, కోస్ట్‌గార్డ్‌కు దాని నకలు ఉండాలి.

తీసిన వలను ఒడ్డున కుప్ప పోసి ఫొటో దిగాక ఏం చేస్తారన్నది ఎవరూ అడగరు. నైలాన్ వేరు, పాలిథిలిన్ వేరు, తాళ్లు వేరు చేసి మంచినీటితో కడిగి ఆరబెడితేనే రీసైక్లింగ్‌వాళ్లు తీసుకుంటారు. కలగలిపి ఇస్తే చెత్తకుప్పకే. సీసపు గుళ్లు, బెండ్లు మాత్రం బోటువాళ్లకు తిరిగి ఇవ్వండి. వాళ్లకు అవి డబ్బు.

రెండోది కృత్రిమ దిబ్బలు, అంటే చేపలు చేరేందుకు సముద్రపు అడుగున దింపే కాంక్రీటు దిమ్మెల్లాంటివి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చాక తీర రాష్ట్రాల్లో వీటికి ఊపొచ్చింది, కంపెనీలూ ముందుకొస్తున్నాయి. సరిగ్గా వేస్తే రాయి లేని చోట చేపకు నీడ దొరుకుతుంది. మన్నార్ సింధుశాఖలో, కోతకు గురై మునిగిపోయే దశకొచ్చిన వాన్ దీవి ముందు అలల జోరు తగ్గించేందుకు కాంక్రీటు దిమ్మెలు వేశారు. వాటికి ఒక పని ఉంది, ఆ పనికి తగ్గ ఆకారం ఉంది. తప్పుగా వేస్తే ఏమవుతుందో చూడాలంటే ఫ్లోరిడాలోని ఆస్బోర్న్ దిబ్బ చాలు. 1970లలో అక్కడ దాదాపు 20 లక్షల పాత టైర్లు కట్టలు కట్టి వేశారు. బిగించిన ఉక్కు క్లిప్పులు తుప్పు పట్టి తెగాయి, టైర్లు తుపానులకు కొట్టుకుపోయి పక్కనున్న అసలు పగడాలను గుద్దాయి. 2000ల నుంచి వాటిని విడతలుగా ఏరాల్సి వచ్చింది. మన దగ్గరా ‘పాత బస్సులు, పాత పడవలు వేద్దాం’ అనేవాళ్లున్నారు. వద్దు. రంగు, నూనె, ఆస్బెస్టాస్, రబ్బరు, తేలికపాటి ఇనుము, ఏదీ వద్దు.

కాంక్రీటు దిమ్మెకైనా లెక్కలున్నాయి. టన్ను బరువున్న దిమ్మె నీటిలో తూగేది సుమారు 570 కిలోలే. 12 సెకన్లకోసారి వచ్చే తుపాను కెరటం, లోతైన నీటిలో, దాదాపు 225 మీటర్ల పొడవు ఉంటుంది. దాని కదలిక 110 మీటర్ల లోతు దాకా తెలుస్తుంది. అలాంటప్పుడు 15 మీటర్ల దగ్గర వేసిన తేలిక దిమ్మె గతేంటి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలోనే తీరం దాటింది. డిజైను చేసేవాళ్లు ఆ స్థాయి తుపానును లెక్కలోకి తీసుకున్నారో లేదో రాతలో అడగండి. అడుగు వెడల్పుగా, పైకి సన్నగా, నీరు లోపల్నుంచి దూరిపోయేలా చిల్లులున్న ఆకారమే నిలబడుతుంది. కనీసం ఎం30 (బలం గ్రేడు) కాంక్రీటు, స్లాగ్ (ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెం కలిపిన) లేదా పొజొలానా (బూడిద లాంటివి కలిపిన) సిమెంటు. సముద్రపు నీటిలో ఉండే రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుకు భారత ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది ఇదే. స్టీలు నగరంలో స్లాగ్ సిమెంటుకు వెతుక్కోవక్కర్లేదు. ఇనుప చువ్వ మీద 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు తగ్గకూడదు. తగ్గితే చువ్వ తుప్పు పట్టి ఉబ్బి లోపల్నుంచే దిమ్మెను పగలగొడుతుంది. పోసిన వారంలోనే క్రేన్‌తో ఎత్తి చూపించేస్తామంటారు. 28 రోజులు తడపనిదే ఎత్తనివ్వకండి.

చిల్లుల సంగతి చిన్నదనిపిస్తుంది, కానీ అసలు విషయం అక్కడే. వేలెడంత నుంచి తల పట్టేంత వరకు రకరకాల కొలతలుండాలి. అన్నీ ఒకే కొలతైతే ఒకే సైజు చేప చేరుతుంది. పెద్ద చిల్లు ప్రతిదానికీ అవతల వైపు దారి ఉండాలి, లోపలికెళ్లిన తాబేలు వెనక్కి తిరగలేదు. ఇసుక మీద పెట్టిన దిమ్మె చుట్టూ నీరు తవ్వి అది కొంత దిగబడుతుంది కాబట్టి, అడుగు నుంచి 30 సెంటీమీటర్ల లోపు ఉన్న చిల్లులను లెక్కలో వేసుకోవద్దు.

స్థలం ఎంపికలోనే చాలా ప్రాజెక్టులు చెడతాయి. ఎక్కువ లోతుకు పోతే తర్వాత చూడలేరు, తక్కువైతే కెరటం. 15 నుంచి 20 మీటర్లు, అంటే 8 నుంచి 11 బారల నీరు మధ్యస్థం. 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వ పట్టుకుని డైవరు దిగి, చేత్తో నేలలోకి నొక్కాలి. ఒక అడుగు కన్నా ఎక్కువ దిగిందంటే అది మడ్డి, వద్దు. పది చోట్ల నొక్కి చూడాలి, ఒక్క చోట కాదు. సహజ బండలకు కనీసం అర కిలోమీటరు దూరం ఉండాలి. బండ మీదే దిమ్మెలు దింపి ‘దిబ్బను బలపరిచాం’ అనడం ఉన్నదాన్ని పగలగొట్టడమే. దించేటప్పుడు బార్జి మీంచి తోసేయకూడదు. తేలే గుర్తులు పెట్టి, క్రేన్‌తో ఒక్కొక్కటే దించి, కింద విడిపోయే కొక్కెంతో వదలాలి. అన్నీ ఒకే కుప్పగా కాకుండా గుంపులుగా, మధ్య ఇసుక దారులు వదిలి వేయాలి. ఆ ఇసుకలోని పురుగుల్ని, పీతల్ని తినడానికే చేప రాత్రుళ్లు బయటికి వస్తుంది.

బోటువాళ్ల గుర్తులు దాచమన్నాం. దీనికి మాత్రం పూర్తి తిరగేసి చెప్తున్నాం: దిమ్మెలు దిగిన రోజే వాటి అక్షాంశ రేఖాంశాలు అందరికీ ఇవ్వండి. డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయానికి, నౌకాదళానికి, పోర్టుకు, ప్రతి మరపడవ సంఘానికి, చుట్టుపక్కల ప్రతి పల్లెకూ. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ వేటకే అని చట్టం ఉన్నా, రాత్రిపూట అందులో ట్రాలర్లు తిరుగుతాయని అందరికీ తెలుసు. తెలియని దిమ్మెకు వల తగిలి తెగిందంటే మీ డబ్బుతో కొత్త ఘోస్ట్ నెట్ (నీటిలో వదిలేసినా చేపలు పడుతూనే ఉండే వల) తయారైనట్టే. ఆ బోటు యజమానికి మీ మీద కోపం రావడం అదనం.

ఇంకో ప్రశ్నకు ముందే జవాబు కావాలి. దిమ్మెల చుట్టూ కనిపించే చేప కొత్తగా పుట్టిందా, పక్క బండల నుంచి వచ్చి చేరిందా? మొదటి ఏడాది ఎక్కువగా రెండోదే. చేరిన చేపను, గుంపు మొత్తాన్ని చుట్టేసే రింగు వలతో ఒక్క రాత్రిలో ఎత్తేస్తే, దిబ్బ వేయకముందు కన్నా పరిస్థితి దిగజారుతుంది. అందుకే దిమ్మెలు దించే ముందే చుట్టుపక్కల పల్లెల పెద్దలు కూర్చుని అక్కడ వల వేయకూడదని, గాలం వేటే అని రాసుకోవాలి. ఆ ఒప్పందం కుదరకపోతే దిమ్మెలు వేయకండి. సిమెంటు మిగులుతుంది.

మూడోది డబ్బు. ప్రాజెక్టులన్నీ మార్చిలో పరుగెత్తడానికి కారణం సముద్రం కాదు, మార్చి 31. కానీ కంపెనీల చట్టం 135వ సెక్షను కింద బహుళ సంవత్సర ప్రాజెక్టుకు దారి ఉంది. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లు నడపొచ్చు, మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లోపు ప్రత్యేక ఖాతాలో వేస్తే సరిపోతుంది. పర్యవేక్షణ ఖర్చు 5 శాతం పరిపాలనా ఖర్చుల పరిమితిలోకి రాదు. ఒక నిర్దిష్ట ప్రాజెక్టు డిజైను, పర్యవేక్షణ, మూల్యాంకనం ఆ పరిమితికి బయటే అని 2021 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ‘మానిటరింగ్‌కి బడ్జెట్ ఉండదండీ’ అనే మీ అకౌంట్స్ విభాగానికి ఈ పేరా చూపించండి.

మొత్తంలో కనీసం ఐదో వంతు పర్యవేక్షణకు తీసి పెట్టండి. వేయకముందు ఒకసారి, తర్వాత 3, 6, 12, 24, 36 నెలలకు. 50 మీటర్ల టేపు పరిచి, అటూ ఇటూ రెండున్నర మీటర్ల లోపు కనిపించిన చేపలను జాతి, సైజు వారీగా లెక్కపెట్టాలి. ఒక్కో చోట మూడు టేపులు. దిమ్మెల దగ్గర, సహజ బండ దగ్గర, ఏమీ లేని ఇసుక దగ్గర, మూడు చోట్లా అదే నెలలో అదే పని. ఇసుకతో పోల్చకపోతే లాభం తెలియదు, బండతో పోల్చకపోతే చేప అక్కణ్నుంచే ఖాళీ అవుతోందేమో తెలియదు. దీనితో పాటు ఆ పల్లె గాలం బోట్లు నాలుగైదింటి రోజువారీ దిగుబడి నోటు పుస్తకంలో రాయించండి, రాసేవాళ్లకు నెలకింత ఇచ్చి. ఫలితం బాగోకపోయినా బయటపెట్టండి, పక్క జిల్లావాళ్లు అదే దిమ్మె పోయకుండా ఆగుతారు.

ఇంత ఓపిక లేదు, ఈ ఏడాది ఏదో ఒకటి చేసి చూపించాలి అంటారా, అయితే నీళ్లలో దిగకండి. విశాఖ ఫిషింగ్ హార్బరులో, పూడిమడకలో, భీమిలిలో పాత వలలు కొనే కేంద్రాలు పెట్టండి. ఒక్కోచోట ఒక రేకుల షెడ్డు, ఒక కాటా, నైలాన్‌కో గది, పాలిథిలిన్‌కో గది, కడగడానికి ఒక సిమెంటు తొట్టి, లెక్క రాసి డబ్బిచ్చే ఒక మనిషి చాలు. కిలోకి ఇచ్చే ధర పాత ఇనుము కొట్టువాడు ఇచ్చే దాని కన్నా రూపాయైనా ఎక్కువుండాలి, సాయంత్రం బోటు ఒడ్డుకు చేరే వేళకు షెడ్డు తెరిచి ఉండాలి, డబ్బు అక్కడికక్కడే ఇవ్వాలి. సముద్రంలో చిరిగిన వలను గట్టు మీద పడేయడం కన్నా నీళ్లలో వదిలేయడం సులువుగా ఉన్నంత కాలం మేం కింద కోస్తూనే ఉంటాం. డీజిల్, బోటు, సిలిండర్లు, నలుగురు డైవర్ల కూలీ కలిపి మేం పైకి తెచ్చే ప్రతి కిలోకు అయ్యే ఖర్చులో చిన్న భాగంతోనే ఆ షెడ్డు నడుస్తుంది. వచ్చే నిషేధ కాలం మొదలయ్యేలోపు, అంటే ఏప్రిల్ 15 కన్నా ముందు, తలుపు తెరవగలిగితే ఆ రెండు నెలల్లో వలలు బాగుచేసుకునే ప్రతి పల్లె నుంచీ సరుకు వస్తుంది.

ఇట్లు,
విశాఖ తీరంలో నీటి కింద పనిచేసే కొందరం